గురి పెంచాలా, దెబ్బ పెంచాలా? డి20 చేతిలో ఉన్న ఫైటర్‌కి ఒక లెక్క

మా పిన్ని కొడుకు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, డైస్ వేస్తూ పాత్రల్లా ఆడే కథల ఆటలో ఫైటర్, అంటే యోధుడి పాత్ర ఆడతాడు. ఐదో లెవెల్, చేతిలో గ్రేట్‌సోర్డ్, బలం 18. పాత్ర జాతి వేరియంట్ హ్యూమన్ కాబట్టి గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఒకటో లెవెల్‌లోనే చేతికొచ్చింది. మేం ఆడేది 2014 రూల్స్. ఆ రూల్స్‌లో ఈ ఫీట్ ఉన్నవాడు బరువైన ఆయుధంతో కొట్టే ముందు, కావాలంటే గురిలో 5 తగ్గించుకుని దెబ్బలో 10 కలుపుకోవచ్చు. కొడితే కుంభస్థలమే కొట్టాలన్నది వాడి పద్ధతి. అందుకే ప్రతి టర్న్‌లోనూ ఒకటే మాట: "అక్కా, మైనస్ ఐదు, ప్లస్ పది."

ఒక ఆదివారం పాత కోట మెట్ల దగ్గర రెండు యానిమేటెడ్ ఆర్మర్‌లు లేచి నిలబడ్డాయి. లోపల మనిషి లేని ఖాళీ ఇనుప కవచాలు. డీఎం, అంటే ఆట నడిపేది, నేనే. వాడికి టర్న్‌కి రెండు దెబ్బలు, మూడు టర్న్‌లలో ఆరు. డి20, అంటే ఇరవై ముఖాల డైస్ మీద వరసగా పడ్డవి 12, 9, 14, 4, 15, 11. వాటికి వాడి మామూలు బోనస్ 7 కాకుండా, 5 పోగా మిగిలిన 2 కలిపాం. 14, 11, 16, 6, 17, 13. ఆ కవచాల ఏసీ, అంటే దెబ్బ తగలాలంటే కనీసం రావాల్సిన మొత్తం, 18. ఒక్కటీ తగల్లేదు.

నాలుగో టర్న్ వచ్చేసరికి వాడి మొహం చూడలేకపోయాను. "ఈ డైస్ మార్చేస్తా అక్కా, ఇది నాకు అచ్చి రావడం లేదు" అన్నాడు. టేబుల్ చుట్టూ ఐదుగురున్నప్పుడు ఒకరి టర్న్ మళ్లీ రావడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. మూడు టర్న్‌లు గాలిలో కత్తి తిప్పడమంటే, దాదాపు ముప్పావుగంట ఊరికే కూర్చోవడం. ఆటలో అంత నీరసపెట్టేది ఇంకొకటి లేదు.

కానీ తప్పు డైస్‌ది కాదు. అవే ఆరు రోల్స్‌కి 5 తగ్గించకుండా 7 కలిపి చూడండి: 19, 16, 21, 11, 22, 18. నాలుగు తగిలేవి. దెబ్బకి సగటున 11 చొప్పున 44. ఆ కవచానికి ఉన్నది 33 హెచ్‌పీ, అంటే ప్రాణ పాయింట్లు. ఒకటి కూలిపోయి, రెండోదానికి కూడా కొంత తగిలేది.

ఆ రాత్రి ఆట అయ్యాక వాడితో కూర్చుని కాగితం మీద వేసిన లెక్కే ఇది. గురికీ దెబ్బకీ మధ్య ఎంచుకోవాల్సిన ప్రతి ఆటగాడికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చిన్న సూత్రం

డి20 మీద మీకు తగిలే అంకెలెన్నో లెక్కపెట్టండి. బోనస్ 7, శత్రువు ఏసీ 15 అనుకుందాం. 8 నుంచి 20 దాకా ఏది పడినా తగులుతుంది. అంటే 13 అంకెలు. ఇప్పుడు తగిలితే సగటున ఎంత దెబ్బ పడుతుందో చూడండి. గ్రేట్‌సోర్డ్‌కి 2డి6, అంటే రెండు ఆరు ముఖాల డైస్, సగటు 7, బలం 18 వల్ల వచ్చే 4 కలిపితే 11.

ఈ రెండు అంకెల్లో ఏది చిన్నదైతే దాన్ని పెంచండి. అంతే. తగిలే అంకెలు 13, దెబ్బ 11 అయితే, ఒక పాయింట్ దెబ్బలో పెట్టడమే కాస్త లాభం. ఏసీ 19 ఉన్న శత్రువు ఎదురైతే తగిలే అంకెలు 9కి పడిపోతాయి, దెబ్బ మాత్రం 11 దగ్గరే ఉంటుంది. అప్పుడు ఒక పాయింట్ గురిలో పెట్టడం మేలు.

కారణం తేలికే. గురిలో ఒకటి పెరిగితే ఇరవైలో ఇంకో అంకె మీ వైపుకి వస్తుంది, అంటే పూర్తి దెబ్బలో ఇరవయ్యో వంతు లాభం. దెబ్బలో ఒకటి పెరిగితే, తగిలే ప్రతి అంకె మీదా ఒక్కో పాయింట్ లాభం. మొదటిదాని విలువ దెబ్బ బట్టి, రెండోదాని విలువ తగిలే అంకెల బట్టి. క్రిట్‌ల వల్ల (డి20 మీద 20 పడితే దెబ్బ డైస్ రెట్టింపు) లెక్క పిసరంత అటూ ఇటూ అవుతుంది గానీ, తీర్పు దాదాపు ఎప్పుడూ మారదు.

దొంగచాటుగా కొట్టే రోగ్ పాత్ర ఆడేవాళ్లకి ఈ సూత్రం కళ్లు తెరిపిస్తుంది. ఐదో లెవెల్ రోగ్‌కి షార్ట్‌సోర్డ్ 1డి6, చురుకుదనం వల్ల 4, పైన అదను చూసి కొట్టే స్నీక్ అటాక్ 3డి6. మొత్తం సగటు 18. తగిలే అంకెలు 13 ఉంటే, గురి విలువ దెబ్బ విలువ కంటే చాలా ఎక్కువ. పైగా స్నీక్ అటాక్ టర్న్‌కి ఒక్కసారే. ఆ ఒక్కటీ తప్పితే టర్న్ మొత్తం పోయినట్టే. కాబట్టి రోగ్‌గా మీరు దాక్కోవడం, అడ్వాంటేజ్ (రెండు డి20లు వేసి పెద్దది తీసుకునే అవకాశం) వెతుక్కోవడం, మొదటిది తప్పితే పనికొస్తుందని రెండో చేతిలో ఇంకో కత్తి పెట్టుకోవడం, ఇవన్నీ గురిని కొనుక్కోవడమే. దెబ్బ పెంచే ఫీట్‌ల వైపు చూడాల్సిన అవసరమే లేదు.

మైనస్ ఐదు, ప్లస్ పది ఎప్పుడు?

మా తమ్ముడి ఫైటర్‌నే తీసుకుందాం. బోనస్ 7, దెబ్బ 2డి6+4. ఒక్కో దెబ్బకి సగటున ఎంత వస్తుందో, క్రిట్‌తో కలిపి:

| శత్రువు ఏసీ | మామూలు దెబ్బ | మైనస్ 5, ప్లస్ 10 |
|---|---|---|
| 11 | 9.7 | 12.95 |
| 13 | 8.6 | 10.85 |
| 15 | 7.5 | 8.75 |
| 17 | 6.4 | 6.65 |
| 18 | 5.85 | 5.6 |
| 19 | 5.3 | 4.55 |

గీత 17కీ 18కీ మధ్య పడింది. ఎవరి పాత్రకి ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి: 16కి మీ బోనస్ కలిపి, మీ మామూలు సగటు దెబ్బలో సగం తీసేయండి. 16, 7 కలిపితే 23, అందులో ఐదున్నర పోతే పదిహేడున్నర. ఏసీ దానికి లోపల ఉంటే బరువు దెబ్బ (మైనస్ 5, ప్లస్ 10), పైన ఉంటే మామూలు దెబ్బ. క్యారెక్టర్ షీట్ మూలన పెన్సిల్‌తో ఈ ఒక్క అంకె రాసి పెట్టుకుంటే చాలు. లెవెల్ పెరిగినప్పుడు మార్చుకోండి.

విలుకాళ్లకి ఈ గీత ఎంత పైన ఉంటుందో చూడండి. ఐదో లెవెల్, చురుకుదనం 18, ఆర్చరీ స్టైల్ వల్ల గురికి ఇంకో 2. బోనస్ 9. లాంగ్‌బో సగటు దెబ్బ ఎనిమిదిన్నర. 16, 9 కలిపి 25, నాలుగుంపావు తీసేస్తే 20 పైనే. షార్ప్‌షూటర్ ఫీట్‌లో కూడా ఇదే మైనస్ ఐదు, ప్లస్ పది ఉంది. పైగా అది సగం చాటునీ, ముప్పావు చాటునీ కూడా లెక్కచేయదు. అందుకే 2014 రూల్స్‌లో విలుకాడు ఆ ఆప్షన్ దాదాపు ప్రతి బాణానికీ వాడినా తప్పు పట్టలేం. గ్రేట్‌సోర్డ్ పట్టినవాడికి ఆ వెసులుబాటు లేదు. విలుకాణ్ణి చూసి వాత పెట్టుకున్నట్టు తానూ అదే చేయబోతే, ఏసీ 18 దగ్గర మా వాడికి జరిగిందే జరుగుతుంది.

మీరు అడగవచ్చు: ఏసీ 18 దగ్గర తేడా 5.85కీ 5.6కీ మధ్యే కదా, పావు పాయింట్‌కి ఇంత రాద్ధాంతం ఎందుకు? సగటులో తేడా పావు పాయింటే. కానీ ఆరు దెబ్బలూ తప్పే అవకాశం చూడండి. మామూలుగా కొడితే తగిలే అవకాశం 50 శాతం, ఆరింటికి ఆరూ తప్పడం 100కి రెండు సార్ల లోపే. మైనస్ ఐదుతో తగిలేది 25 శాతం, ఆరూ తప్పడం దాదాపు 18 శాతం. సగటు సమానంగా ఉన్నప్పుడు నేనైతే తగిలే దెబ్బనే తీసుకుంటాను. టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి సగటు కనపడదు, తన టర్న్‌లో తగిలిందా లేదా అన్నదే కనపడుతుంది.

సగటు చెప్పని సంగతి

నా దృష్టిలో అసలు విషయం ఇక్కడుంది. శత్రువు ఒక్క హెచ్‌పీతో ఉన్నా పూర్తి బలంతో తిరిగి కొడతాడు. శత్రువు సగం చచ్చినా వాడి బలం సగానికి పడిపోదు. కాబట్టి లెక్కపెట్టాల్సింది సగటు దెబ్బని కాదు. వీణ్ణి పడగొట్టడానికి ఎన్ని దెబ్బలు తగలాలి? అది లెక్కపెట్టండి.

గోబ్లిన్ ఏసీ 15. పట్టిక ప్రకారం బరువు దెబ్బే మేలు: 8.75 ఎక్కువా, 7.5 ఎక్కువా? కానీ గోబ్లిన్‌కి ఉన్నది 7 హెచ్‌పీ. మామూలు దెబ్బ తగిలినా 36లో 35 వంతులు చచ్చినట్టే. అంటే మామూలుగా కొడితే ఒక దెబ్బకి చచ్చే అవకాశం 63 శాతం, మైనస్ ఐదుతో 40 శాతం. ఆ పైన కలిపిన 10 గోబ్లిన్ శవం మీద పడ్డట్టే. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తే పిచ్చుక రెండుసార్లు చావదు.

ఓర్క్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఏసీ 13, హెచ్‌పీ 15. మామూలు దెబ్బ సగటు 11 కాబట్టి దాదాపు ఎప్పుడూ రెండు తగలాలి. రెండు దెబ్బలున్న టర్న్‌లో రెండూ తగిలి ఓర్క్ పడే అవకాశం, అప్పుడప్పుడూ ఒక్క దెబ్బకే పడేది కూడా కలుపుకుంటే, 60 శాతం దగ్గర. మైనస్ ఐదుతో కొడితే తగిలేది సగం సార్లే, కానీ కనీస దెబ్బే 16. ఒక్కటి తగిలితే చాలు. రెండింటిలో ఒకటైనా తగిలే అవకాశం 75 శాతం. మొదటిదే తగిలితే రెండోది ఇంకో ఓర్క్ మీదకి పోతుంది. ఆ ఫీట్‌లోనే ఇంకో మాట కూడా ఉంది: శత్రువుని సున్నాకి దించితే బోనస్ యాక్షన్‌గా మరో దెబ్బ. ఓర్క్‌ల గుంపు ఎదురైతే ధైర్యంగా బరువు దెబ్బే కొట్టమని చెప్తాను.

ఓగర్ అయితే ఆలోచించక్కర్లేదు. ఏసీ 11, హెచ్‌పీ 59. మామూలుగా ఆరు దెబ్బలు తగలాలి, ఏడు సార్లు కొట్టాలి. బరువు దెబ్బలు మూడు చాలు, ఐదు సార్లు కొడితే సరిపోతుంది. ఓగర్ గదకి ఒక రౌండ్ తక్కువ గురవుతారు. ఆ ఒక్క రౌండ్‌లో మీ విజార్డ్ ప్రాణం నిలవచ్చు.

ఇంకో సందర్భం చాలామంది గమనించరు. శత్రు మాంత్రికుడు ఏదో మంత్రం మీద కాన్సంట్రేషన్ పట్టుకుని ఉన్నాడు, దాన్ని చెడగొట్టాలి. దెబ్బ తగిలిన ప్రతిసారీ అతను కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దారుఢ్యంతో తట్టుకునే డి20 రోల్) చేయాలి. దాటాల్సిన అంకె 10, లేదా దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది. దెబ్బ 22 అయ్యేదాకా ఆ అంకె 10 దగ్గరే ఉంటుంది. 11 కొట్టినా 10, 21 కొట్టినా 10. అక్కడ కావాల్సింది పెద్ద దెబ్బ కాదు, ఎక్కువసార్లు తగలడం. మామూలుగా కొట్టండి.

గురిని అరువు తెచ్చుకోవడం

గురీ దెబ్బా రెండూ ఒక్కడి జేబులోంచే పెట్టాలని లేదు. దెబ్బని సాధారణంగా ఎవరికి వారే పెంచుకోవాలి. గురిని మాత్రం పక్కవాళ్లు ఇవ్వగలరు. ఇది తెలిసిన పార్టీ, తెలియని పార్టీ రెండూ ఒకే లెవెల్‌లో ఉన్నా ఒకేలా పోరాడవు.

అడ్వాంటేజ్ అంటే రెండు డి20లు వేసి పెద్దది తీసుకోవడం. మీకు 11 పడాల్సి ఉంటే తగిలే అవకాశం 50 నుంచి 75 శాతానికి పెరుగుతుంది. ఏకంగా 5 పాయింట్ల బోనస్‌తో సమానం. మైనస్ ఐదు మొత్తం తిరిగొచ్చినట్టే. అదే, 2 పడితే చాలు అనే స్థితిలో అడ్వాంటేజ్ వృథా. 95 శాతం 99.75 అవుతుంది, అంతే.

మా ఫైటర్‌కి అడ్వాంటేజ్ ఉంటే ఏసీ 15 మీద మామూలు దెబ్బ సగటు 10.3, బరువు దెబ్బ సగటు 14.1. ఏసీ 18 మీద కూడా బరువు దెబ్బే ముందుంటుంది: బరువు దెబ్బ 9.9, మామూలు దెబ్బ 8.9. 19కి వెళ్తే మళ్లీ దాదాపు సమానం. కాబట్టి అడ్వాంటేజ్ దొరికిన క్షణం బరువు దెబ్బకి సరైన క్షణం.

బార్బేరియన్‌కి ఇది రెండో లెవెల్ నుంచే సొంతం. రెక్‌లెస్ అటాక్ అంటే తనకి అడ్వాంటేజ్, తన మీద కొట్టేవాళ్లకీ అడ్వాంటేజ్. ఆవేశంతో ఊగే రేజ్‌లో మామూలు ఆయుధాల దెబ్బ సగమే తగులుతుంది కాబట్టి ఆ బేరం భరించగలడు. గ్రేట్ వెపన్ మాస్టర్‌కి బార్బేరియన్ కంటే తగిన చేయి నాకు కనపడలేదు. పూజారి లాంటి పాత్ర క్లెరిక్ వేసే బ్లెస్ అనే స్పెల్ ముగ్గురికి ప్రతి దాడి రోల్‌కీ ఒక డి4 ఇస్తుంది, సగటు రెండున్నర. ఒకటో లెవెల్ స్పెల్‌కి అంత పని చేసేవి చాలా తక్కువ. ఫెయిరీ ఫైర్ తగిలిన శత్రువుల మీద అందరికీ అడ్వాంటేజ్. శత్రువుని కింద పడేస్తే పక్కనున్న వాళ్లందరికీ అడ్వాంటేజ్, కానీ దూరం నుంచి బాణం వేసేవాడికి డిసడ్వాంటేజ్, అంటే రెండు డి20ల్లో చిన్నది తీసుకోవాలి. పడేసే ముందు విలుకాణ్ణి ఒక మాట అడగండి.

అందుకే నాలుగో లెవెల్‌లో ఫీట్ తీసుకోవాలా, బలం 16 నుంచి 18కి పెంచుకోవాలా అని ఎవరైనా అడిగితే, "మీ పార్టీలో ఎవరున్నారు?" అని నేను తిరిగి అడుగుతాను. లెక్క ఇది: ఏసీ 15 మీద, బలం పెంచుకున్నవాడి సగటు 6.95, ఫీట్ తీసుకుని బరువు దెబ్బ కొట్టేవాడిది 6.35. ఏసీ 13 మీద ఫీటే కాస్త ముందు, 8.35కి 8.05. ఎవరి సాయమూ లేకపోతే ముందు బలం పెంచుకోండి, ఎనిమిదో లెవెల్ కాకుండా ఫైటర్‌కి ఆరులోనే ఇంకో అవకాశం వస్తుంది, ఫీట్ అప్పుడు తీసుకోవచ్చు. బ్లెస్ వేసే క్లెరిక్ గానీ, శత్రువుల్ని పడగొట్టే తోడు గానీ పక్కనుంటే ఫీట్ ముందే తీసుకోండి.

అసలు తప్పని దెబ్బలు

మాంత్రికులకి మూడో దారి ఉంది. మ్యాజిక్ మిసైల్‌కి దాడి రోల్ ఉండదు. మూడు బాణాలు, ఒక్కోటి 1డి4+1, మొత్తం సగటు పదిన్నర, ఖాయం. అదే లెవెల్‌లో గైడింగ్ బోల్ట్ 4డి6, సగటు 14, కానీ తగలాలి. 65 శాతం తగిలేచోట క్రిట్‌తో కలిపి సగటు 9.8. పైగా గైడింగ్ బోల్ట్ తగిలితే తర్వాత కొట్టేవాడికి అడ్వాంటేజ్ కూడా. రెండూ ఒకే క్లాస్ జాబితాలో ఉండవు గానీ, పార్టీలో ఇద్దరు ఎవరి టర్న్‌లో ఏం చేయాలో మాట్లాడుకునేటప్పుడు ఈ పోలిక పనికొస్తుంది. పారిపోతున్నవాడికి రెండు మూడు హెచ్‌పీ మిగిలి ఉన్నట్టు అనిపిస్తే మ్యాజిక్ మిసైల్. పోరాటం మొదట్లో, పక్కన రోగ్ కాచుకుని ఉంటే గైడింగ్ బోల్ట్. ఫైర్‌బాల్ 8డి6, సేవ్ చేసినా సగం తగులుతుంది. గుంపు మీద దాని సంగతి అందరికీ తెలిసిందే.

ఏసీ తెలియకపోతే?

ఈ లెక్కలన్నీ ఏసీ తెలిస్తేనే. డీఎం దాన్ని చెప్పడు, చెప్పకూడదు కూడా. కానీ డీఎం చెప్పే వర్ణన వినండి. నేను "ఒంటినిండా ఇనుప పలకలు" అన్నానంటే 18కి దగ్గర్లో ఉందని అర్థం. "తోలు చొక్కా, చేతిలో చిన్న డాలు" అంటే 15 ప్రాంతం. "కుళ్లిన ఒళ్లు, తూలుతూ నడుస్తోంది" అంటే జాంబీ, ఏసీ 8. అక్కడ ఇక సందేహమే వద్దు.

మొదటి రౌండ్‌లో మామూలుగా కొట్టండి, మిగతావాళ్ల రోల్స్ కూడా చెవిన వేసుకోండి. క్లెరిక్ 14కి తప్పింది, రోగ్ 17కి తగిలింది. అంటే ఏసీ 15, 16, 17ల్లో ఒకటి. మా ఫైటర్ గీత పదిహేడున్నర కాబట్టి వాడికి సమాధానం అప్పటికే దొరికింది. కాగితం మూలన "14 తప్పింది, 17 తగిలింది" అని రాసుకోవడానికి రెండు క్షణాలు పడుతుంది. మా తమ్ముడికి నేను నేర్పిన వాటిల్లో వాడికి బాగా నచ్చింది ఇదే. ఇప్పుడు పక్కవాళ్ల టర్న్‌లలో ఫోన్ చూడటం మానేశాడు.

రూల్స్ మారినచోట

2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మైనస్ ఐదు, ప్లస్ పది బేరమే తీసేశారు. గ్రేట్ వెపన్ మాస్టర్ ఇప్పుడు అటాక్ యాక్షన్‌లో బరువైన ఆయుధం తగిలితే ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పాటు పెరిగే అంకె) అంత దెబ్బ కలుపుతుంది, గురి తగ్గదు. కొత్తవాళ్లకి ఇదే మంచిదని నా నమ్మకం. ప్రతి దెబ్బకీ ముందు లెక్కలు వేయక్కర్లేదు, మా వాడిలాంటి సాయంత్రం ఎవరికీ రాదు.

అయినా గురా, దెబ్బా అన్న ప్రశ్న పోలేదు, ఆయుధాల మాస్టరీల్లోకి, అంటే ఒక్కో ఆయుధానికి ఉండే ప్రత్యేక గుణాల్లోకి మారింది. రేపియర్, షార్ట్‌సోర్డ్‌లకి వెక్స్ ఉంది: ఒకసారి తగిలితే అదే శత్రువు మీద తర్వాతి దెబ్బకి అడ్వాంటేజ్. గ్రేట్‌సోర్డ్‌కి గ్రేజ్: దెబ్బ తప్పినా మీ బలం బోనస్ అంత తగులుతుంది. బలం 18 అయితే తప్పిన ప్రతి దెబ్బకీ 4. ఏసీ 18 మీద సగం దెబ్బలు తప్పుతాయి కాబట్టి సగటున 2 పాయింట్లు ఊరికే కలుస్తాయి. అయితే గ్రేజ్ ఉన్న చేతిలో గురి విలువ తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి. తప్పినా 4 వస్తున్నప్పుడు, తగలడం వల్ల అదనంగా వచ్చేది 11 కాదు, 7. పైన చెప్పిన సూత్రంలో దెబ్బ స్థానంలో 7 పెట్టి చూసుకోండి. దాదాపు ఎప్పుడూ దెబ్బ పెంచడమే లాభం అని తేలుతుంది.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ ఆడేవాళ్లు మాత్రం పై సూత్రాన్ని అలాగే వాడొద్దు. 2019లో వచ్చిన ఆ ఆటలో ఏసీ కంటే 10 ఎక్కువ వస్తే క్రిట్, దెబ్బ రెట్టింపు. 8 పడితే తగిలే చోట 18, 19, 20 క్రిట్‌లు. గురికి ఒక్క పాయింట్ కలిపితే తగిలే అంకె ఒకటి పెరగడమే కాదు, క్రిట్ అంకె కూడా ఒకటి పెరుగుతుంది. సగటు దెబ్బ ఎనిమిదో వంతు పెరుగుతుంది. అదే పాయింట్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పదమూడో వంతు లాభమే ఇచ్చేది. పైగా అక్కడ ఒకే టర్న్‌లో రెండో దెబ్బకి 5, మూడో దెబ్బకి 10 తగ్గుతుంది. మూడో దెబ్బ కొట్టే బదులు శత్రువుని బెదిరించి ఫ్రైటెన్డ్ చేస్తే వాడి ఏసీ అందరికీ ఒకటి తగ్గుతుంది. చుట్టుముట్టి ఆఫ్-గార్డ్ చేస్తే ఇంకో రెండు. ఆ ఆటలో నేను కళ్లు మూసుకుని గురి వైపే ఉంటాను.

మళ్లీ మా టేబుల్ దగ్గరికి వస్తే, రెండు వారాల తర్వాత వంతెన కింద నుంచి ట్రోల్ లేచింది. ఏసీ 15, హెచ్‌పీ 84, ప్రతి టర్న్ మొదట్లో 10 హెచ్‌పీ తిరిగి నిండుతుంది. ఆపాలంటే నిప్పో యాసిడో తగలాలి, ఆ రోజు విజార్డ్ ఆడే అమ్మాయి రాలేదు. ఇలాంటి శత్రువు మీద పెద్ద దెబ్బ విలువ పట్టికలో కనపడేదాని కంటే ఎక్కువ. మా ఫైటర్ ఒక్కడే కొడితే మామూలుగా రౌండ్‌కి 15, అందులో 10 తిరిగి నిండితే మిగిలేది 5. బరువు దెబ్బలతో పదిహేడున్నర, మిగిలేది ఏడున్నర. రెండున్నర పాయింట్ల తేడా కాస్తా సగానికి సగం లాభం అయిపోయింది.

మొదటి రౌండ్‌లో వాడు మామూలుగానే కొట్టాడు. ఒకటి 14తో తప్పింది, ఒకటి 16తో తగిలింది. కాగితం మూలన రాసుకున్నాడు. క్లెరిక్ వైపు తిరిగి "అన్నా, బ్లెస్ ఉందా?" అని అడిగాడు. ఉంది. రెండో రౌండ్‌లో వాడి టర్న్ వచ్చింది.

"అక్కా, మైనస్ ఐదు."

డి20 మీద 9 పడింది. 2 కలిపితే 11. ఎవరూ మాట్లాడలేదు. డి4 చేతిలోకి తీసుకుని టేబుల్ మీద దొర్లించాడు. 4 పడింది. సరిగ్గా 15. నేను తగిలిందని చెప్పేలోపే వాడి చేయి రెండు డి6ల మీదకి వెళ్లిపోయింది.